రంగు గీకిన చోటు

నా చిన్నప్పుడు అమీర్‌పేటలో మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఒక గోడ, ఆ గోడలో ఒక చిన్న చెక్కతలుపు ఉండేవి. ఆ తలుపుకు గడియ వేసినట్టు నాకు గుర్తులేదు. కరివేపాకు రెబ్బలూ, చదివేసిన పేపరూ, నేనూ పొద్దస్తమానం అందులోంచి అటూ ఇటూ తిరుగుతూ ఉండేవాళ్ళం. పక్కింటి అక్క నాకు జడ వేసేది, లెక్కలు చెప్పేది, నాకు రాని పాటలు నేర్పేది. సొంత అక్క లేని లోటు నాకు ఏనాడూ తెలియలేదు.

వాళ్ళ ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక పాత అంబాసిడర్ కారు ఉండేది. అక్క వాళ్ళ నాన్న దాన్ని ఎవరో ఆఫీసరు దగ్గర కొన్నారు. కొన్ననాటికే అది పాతది. అయినా ఆయన దాన్ని సొంత బిడ్డలా చూసుకునేవారు. ఆదివారం ఉదయం మా రెండిళ్ళ వాళ్ళమూ అందులోనే ఇరుక్కుని పంజాగుట్ట మీదుగా మందిరానికి వెళ్ళేవాళ్ళం. నేను మా నానమ్మ ఒడిలో, నానమ్మ పట్టుచీర నలిగిపోతోందని గొణుగుతూ, ముందు సీట్లో తాతయ్య సన్నగా కీర్తన అందుకుంటూ. దారంతా మా ఆరాధన మొదలైపోయినట్టే ఉండేది.

ఒక వేసవిలో అక్క వాళ్ళ నాన్నను ప్రభువు హఠాత్తుగా పిలుచుకున్నాడు. సమాధుల తోటలో అక్క వాళ్ళమ్మ కూలబడిపోతే, అక్క మాత్రం నిటారుగా నిలబడి చివరి పాట మొదటి నుంచి చివరిదాకా తానే నడిపించింది. కంట చుక్క నీరు రాలేదు. సంఘమంతా దాని గురించే చెప్పుకుంది. ఎంత విశ్వాసం, ఎంత నిబ్బరం అన్నారు. మా తాతయ్య సంఘ పెద్ద. బుధవారం ప్రార్థన కూటంలో ఆయన కూడా అక్కను అందరికీ మాదిరిగా చూపించి మాట్లాడారు. అప్పటినుంచి అక్క ముఖాన నవ్వు చెదరగా నేను చూడలేదు. ఎవరు పలకరించినా “దేవుని కృపవల్ల బాగున్నాం” అనేది. వాళ్ళ నాన్న మాట మాత్రం తాను ఎత్తేది కాదు. తాను ఎత్తదు కాబట్టి మేమూ ఎత్తేవాళ్ళం కాదు.

కారు షెడ్డులోనే ఉండిపోయింది. వానలకు తేమ పట్టింది. ఎలుకలు కాపురం పెట్టాయి.

అక్కకు పెళ్ళి కుదిరాక, తాతయ్య ఏమైనా కావాలా తల్లీ అని అడిగితే, అక్క ఒకే ఒక్క కోరిక చెప్పింది. నాన్న చెయ్యి పట్టుకుని మందిరంలోకి నడవడం ఎలాగూ లేదు, కనీసం గుమ్మం దాకా నాన్న కారులో వస్తానంది. అది కూడా నవ్వుతూనే అంది. తాతయ్య సరేనన్నారు. అంతటితో ఆగక ఆ బుధవారం కూటంలో అందరి ముందూ లేచి, ఆ కారును నడిపించే బాధ్యత తనదని చెప్పేశారు. మా తాతయ్య సంఘం ముందు ఇచ్చిన మాట తప్పిన మనిషి కాదు. ఆ సంగతి తెలిసిన నానమ్మకు ఆ రోజు నుంచే గుండెదడ.

తాతయ్య సర్కారు వారి మోటారు వర్కుషాపులో పనిచేసి రిటైరైనవారు. ఇంజను తానే విప్పి బాగుచేసుకున్నారు. వైరింగు దగ్గరకు వచ్చేసరికి పంజాగుట్టలో చిన్న దుకాణం ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచారు. ఇద్దరూ పాత స్నేహితులు. ఆయన తాతయ్యను పెద్దన్న అనేవాడు. మా సంఘంవాడు కాదు, బోనాలకు ఒళ్ళంతా పసుపు పూసుకుని వచ్చే మనిషి. ఆ ఇద్దరూ కలిస్తే ఒకరినొకరు ఏడిపించుకోకుండా పని చేయగా నేను చూడలేదు.

ఆ కారులో వైర్లు ఇప్పటిలా ప్లాస్టిక్‌వి కావు. రబ్బరు మీద రంగురంగుల నూలు అల్లిన వైర్లు. రబ్బరు పెళుసై ముట్టుకుంటే రాలిపోయేది. నూలును ఎలుకలు కొరికి గూళ్ళు కట్టుకున్నాయి. ముందు లైట్ల దగ్గర మొదలై, ముందు అద్దం కింద మీటర్ల వెనక నుంచి పోయి, డిక్కీలో వెనక లైట్ల దాకా ఒకే కట్టగా సాగే ఆ వైర్లను విప్పుతుంటే, నా కంటికి అవి అక్క నూనె రాసి అల్లే జడ పాయల్లా కనిపించేవి. వాళ్ళు పాత వైరును ఊరికే లాగి పారేసేవారు కాదు. దాని కొసకు కొత్త వైరు కట్టి, ఒకరు ఇటునుంచి మెల్లగా లాగితే ఇంకొకరు అటునుంచి అందించేవారు. పాతది బయటికి వస్తూ కొత్తదానికి దారి చూపించేది. రాణిగంజ్ నుంచి తెచ్చిన కొత్త వైర్ల వాసనా, నల్ల టేపు వాసనా కలిసి ఆ షెడ్డు అంతా పండగలా ఉండేది.

ఇక్కడ మా మందిరపు యవ్వనస్థుల సంగతి చెప్పాలి. పెళ్ళి కారుకు రంగు వేసే పని వాళ్ళు అడిగి మరీ తీసుకున్నారు. దానికి ముందు ఆదివారమే తాతయ్య వాక్యం చెబుతూ, ప్రభువుకు ఏది అప్పగించినా ఎక్కడా ఒక్క మచ్చ మిగలకుండా అప్పగించాలని గట్టిగా చెప్పి ఉన్నారు. కుర్రాళ్ళు దాన్ని అక్షరాలా పాటించారు. బ్యాటరీ తీసి పక్కన పెట్టి, బానెట్ లోపల, చక్రాల వెనక, ఎవరూ చూడని మూలల్లో కూడా మీగడ రంగు నిండుగా వేశారు. ఆరాక బ్యాటరీని వాళ్ళే తిరిగి బిగించారు. షెడ్డు తలుపు తీయగానే కారు పాలలో ముంచి తీసినట్టు ఉంది. తాతయ్య వాళ్ళ వీపులు తట్టి స్తోత్రం చెప్పారు.

మర్నాడు సాయంత్రం పెళ్ళి అనగా, మధ్యాహ్నం భోజనాలయ్యాక కారును చూడటానికి అందరూ చేరారు. రంగు వేసిన కుర్రాళ్ళు వరసగా నిలబడ్డారు. నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టారు. లైట్ల స్విచ్చి లాగడం నా పని. తాతయ్య కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసి, “లాగమ్మా” అన్నారు.

లాగాను. ఏమీ వెలగలేదు. హారన్ నొక్కమన్నారు. నొక్కితే అది మోగలేదు సరికదా, వెనక లైటొకటి ఉందా లేదా అన్నట్టు మినుకుమంది. స్టార్టరు లాగితే టిక్కుమని ఊరుకుంది.

ఎలక్ట్రీషియన్ ముఖం మాడిపోయింది. అన్ని కలుపులూ మళ్ళీ చూశాడు. ఫ్యూజులు తీసి పెట్టాడు. అందంగా చుట్టిన టేపు విప్పాడు.

“గిదేంది పెద్దన్నా, వైర్లన్నీ సక్కగనే ఉన్నయ్. బ్యాటరీ సుత మంచిగుంది. కరెంటు యాడికి పోతున్నట్టు? మీ దేవునికి జర ఒక మాట చెప్పరాదు?”

“చెప్పానయ్యా. చెప్తేనే కదా నిన్ను పంపాడు.”

“అయితే ఇంకో మంచి మేస్త్రీని పంపుమను. నాతోని అయితలేదు.”

కుర్రాళ్ళు నవ్వారు కానీ తాతయ్య నవ్వలేదు. ఆయన నుదుటి మీద చెమట నాకు అద్దంలోంచి కనిపిస్తోంది. నానమ్మ గోడ తలుపు దగ్గర నిలబడి, టాక్సీ మాట్లాడదామా అని మెల్లగా అడిగింది. ఆయన వద్దని తల ఊపారు. అంతమంది ముందు ఇచ్చిన మాట ఒక ఎత్తు, ఆ పిల్ల అడిగిన ఒకే ఒక్క కోరిక ఒక ఎత్తు. ఎలక్ట్రీషియన్ మీటర్ల వెనక వేసిన కట్ట మొత్తం విప్పుతానన్నాడు. అది విప్పితే రేపటికి కాదని అక్కడున్న పెద్దవాళ్ళందరికీ తెలుసు.

అప్పుడే అక్క టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని వచ్చింది. చేతులకు అప్పటికే గోరింటాకు పండి ఉంది. అందరి మొహాలూ చూసింది. పళ్ళెం కారు మడ్‌గార్డు మీద పెట్టబోయి కొత్త రంగు గుర్తొచ్చి కింద పెట్టింది. బానెట్ లోపలికి వంగి చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

“ఇక్కడ నాన్న చాకుతో గీకేవారు,” అంది.

వాళ్ళ నాన్న పోయాక, నవ్వు లేకుండా ఆమె నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. గొంతు కూడా వేరేగా ఉంది. బ్యాటరీ నుంచి కారు ఒంటికి ఒక అల్లిన పట్టీ పోయి, ఒక బోల్టు దగ్గర బిగుసుకుని ఉంది. ఆమె వేలు ఆ బోల్టు మీద ఉంది. “బ్యాటరీ బిగించినప్పుడల్లా ముందు ఇక్కడ గీకేవారు తాతయ్యా. ఇనుము తెల్లగా కనపడేదాకా. నేను టార్చి పట్టుకునేదాన్ని.”

ఎలక్ట్రీషియన్ అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. “ఎర్తు! అరే, పెయింటు మీద ఎర్తు బిగిచ్చిన్రు! లోపల అన్నీ మంచిగ చేసుకుని గీ ఒక్కటి చూడలే. పెద్దన్నా, ఇద్దరం గుడ్డోళ్ళమే!” అన్నాడు. కరెంటు బ్యాటరీ నుంచి వైర్లలో పోతే సరిపోదని, పని చేసి కారు ఒంటి ఇనుములోంచి మళ్ళీ బ్యాటరీకి తిరిగి రావాలని, మధ్యలో రంగు అడ్డుపడితే వచ్చే దారి మూసుకుపోతుందని తాతయ్య తరవాత నాకు వివరంగా చెప్పారు. అప్పటికి నాకు అర్థమైంది ఒకటే. అంత మెరుస్తున్న కారు ఆ మెరుపు వల్లే ఆగిపోయింది.

కుర్రాళ్ళ తలలు దిగిపోయాయి. తాతయ్య వాళ్ళను ఒక్క మాట అనలేదు. తప్పు మీది కాదురా, మచ్చ మిగలకూడదని బోధించినవాడిది అని మాత్రం అన్నారు. ఎలక్ట్రీషియన్ బోల్టు విప్పి, పట్టీ పక్కకు జరిపి, పెట్టెలోంచి చాకు తీశాడు. తాతయ్య దాన్ని అందుకుని, తాను గీకకుండా అక్క చేతిలో పెట్టారు.

“నీకు తెలిసిన పని. కానివ్వు తల్లీ.”

అక్క గీకడం మొదలుపెట్టింది. చాకు తగలగానే మీగడ రంగు పెచ్చులుగా లేచింది. “అక్కా, పెయింటు, పెయింటు!” అని ఒక కుర్రాడు తన ఒంటి మీదే గీకినట్టు అరిచాడు. పైరంగు పోయింది. దాని కింద అంచుల్లో వాళ్ళ నాన్న నాటి పాత నీలం కనిపించింది. మధ్యలో ఇనుము. అది తళుక్కుమనే వేళకు అక్క భుజాలు కదులుతున్నాయి. ముందు నవ్వుతోందనుకున్నాను. కాదు. సమాధి దగ్గర రాని ఏడుపు అప్పుడు వచ్చింది. బానెట్ అంచు పట్టుకుని, అంతమంది ముందు, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

నానమ్మ పరుగున వచ్చింది. “పెళ్ళికూతురు ఏడవకూడదమ్మా, ఊరుకో, దేవుడు...” అంటుండగానే తాతయ్య చెయ్యెత్తి ఆపారు.

“ఉండవే. ఏడవనీ.”

ఆ మాట అనడానికి తాతయ్యకు ఎంత కష్టమైందో ఇప్పుడు తెలుస్తోంది. ఆమె ఏడవకపోవడాన్ని మెచ్చుకుని సంఘమంతటికీ చూపించినవారు ఆయనే మరి. ఆమె పక్కకు వెళ్ళి నిలబడ్డారు, అంతే. ఎలక్ట్రీషియన్ టీ గ్లాసు పట్టుకుని గోడవైపు తిరిగాడు. కాసేపటికి అక్క కొంగుతో ముఖం తుడుచుకుని, స్పానరు అడిగి, బోల్టు తానే బిగించింది.

“లాగవే,” అంది నాతో.

లాగాను. ఎదురుగా ఉన్న గోడ మీద రెండు పసుపుపచ్చని వెలుగు వలయాలు పడ్డాయి. కుర్రాళ్ళు ఈలలు వేశారు. ఎవరూ చెప్పకుండానే నేను హారన్ కూడా నొక్కాను. వీధి చివర దాకా వినిపించేలా మోగింది. “మస్తు!” అన్నాడు ఎలక్ట్రీషియన్. “మేస్త్రీని పంపిండు పెద్దన్నా మీ దేవుడు. గోరింటాకు పెట్టి మరీ పంపిండు.”

ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనకు అక్కా, వాళ్ళమ్మా కూడా మా ఇంట్లోనే కూర్చున్నారు. తాతయ్య ఆ రోజు చదవాల్సిన భాగం వదిలేసి, ప్రభువు తన స్నేహితుడి సమాధి దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్న భాగం చదివారు. చనిపోయినవాణ్ణి కాసేపట్లో లేపబోతున్నానని ఆయనకు తెలుసు, అయినా ఏడ్చాడు అన్నారు. ఆయనకు లేని నిబ్బరం మనకెందుకమ్మా అని అక్క తల మీద చెయ్యి వేశారు. పుస్తకం మూశాక అక్క వాళ్ళ నాన్న గురించి మాటలు మొదలయ్యాయి. ఆయన పాడే శ్రుతి తప్పిన కీర్తనలూ, కారు తుడవడానికి ఆయన అక్క వాళ్ళమ్మ కొత్త తువాలు వాడేసి ఆమెతో తిట్లు తినడమూ. అంతగా ఏడుస్తూ, అంతగా నవ్విన ప్రార్థన మా ఇంట్లో మళ్ళీ జరగలేదు.

మర్నాడు తాతయ్య నడుపుతుండగా ఆ కారు పంజాగుట్ట మీదుగా లైట్లు వేసుకుని మందిరం గుమ్మం దాకా వెళ్ళింది. కారు దిగాక అక్క బానెట్ మీద ఒకసారి చెయ్యి వేసింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అంత అందమైన పెళ్ళికూతుర్ని నేను ఇంతవరకూ చూడలేదు.

ఇప్పుడు ఆ షెడ్డు ఉన్న చోట అపార్టుమెంటు ఉంది. మైత్రీవనం కోచింగు సెంటర్ల వైపు నుంచి వచ్చే పిల్లల గుంపుల్లో, మెట్రో నీడలో, మా వీధి ఎక్కడుండేదో నాకే తడుముకోవాల్సి వస్తోంది. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ బాగున్నారా అని అడుగుతారు. దేవుని కృపవల్ల బాగున్నానంటాను. అది నిజమే, చాలావరకు నా బతుకు నిండు కృపే. కానీ స్త్రీల కూటంలో ఎవరైనా ఏడిస్తే ఊరుకోమని మాత్రం అనను. దగ్గరకు జరిగి పక్కన కూర్చుంటాను.

అక్క పంజాగుట్టలోనే ఉంటోంది. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, నాకు బీపీ. రోజూ ఫోను చేస్తుంది. మావారు పోయిన కొత్తల్లో ఒకరోజు ఎలా ఉన్నావే అని అడిగింది. దేవుని కృపవల్ల బాగున్నానక్కా అన్నాను అలవాటుగా.

“రంగు గీకి చెప్పవే,” అంది అక్క.

చెప్పాను. ఇప్పటికీ రోజూ అలాగే చెప్తున్నాను.