సమంగా కొట్టిన చప్పట్లు

మా కోడలి తల్లి పెళ్ళయి హాలెండ్ నుంచి కెనడా వచ్చి యాభై ఏళ్ళు. కిందటేడు పక్షవాతం వచ్చి ఆవిడ ఇంగ్లీషంతా పోయింది. మిగిలినవి చిన్ననాటి డచ్చి మాటలు, అవీ ముక్కలుగా. కిచెనర్ ఊళ్ళో మా ఇంట్లోనే ఉంచుకున్నాం. పగలంతా ఆవిడా నేనూ.

మాట నేర్పే అమ్మాయి వారానికోసారి వచ్చేది. తక్కిన రోజులకు పద్ధతి నాకు చెప్పి, నా కొడుకు చేత తెలుగు చేయించింది. డచ్చి వాళ్ళు రెండు మాటలు అతికించి ఒకటి చేస్తారట. మనం వంటనూ ఇల్లునూ కలిపి వంటిల్లు అనమూ, అలాగే. బాట్ అంటే స్నానం, కామర్ అంటే గది, బాట్‌కామర్. చేతికి బూటు తగిలిస్తే చేతి తొడుగు, హాంట్‌స్ఖూన్. జబ్బు మనుషుల ఇల్లు ఆసుపత్రి, జీకన్‌హౌస్. పలికే ప్రతి ముక్కకూ ఒక చప్పట కొట్టాలి. మొదటి మాట మీద మాత్రం గట్టిగా ఒత్తాలి.

నేను చదివింది మూడో తరగతి. మా బడిలో గుణింతం అందరం ఒకే దరువులో అరిచేవాళ్ళం. ఒక అక్షరం పెంచి ఇంకోటి తగ్గిస్తే బెత్తం పడేది. చప్పట్లు నాకు చేతనయ్యాయి. ఒత్తడం దండగ శ్రమ అనిపించి వదిలేశాను.

"అను, వదినా. బాట్. కా. మర్. మూడు చప్పట్లకే అలిసిపోతే ఎట్లా, మహారాణివా?"

ఆవిడ ఒంటి చేత్తో తొడ మీద కొడుతూ అనేది. మూడు నెలల్లో పదిహేడు మాటలు వచ్చాయి. నాకు గర్వం కూడా వచ్చింది.

ఒక సెలవు రోజు కోడలు విన్నది. ఆమె మొహం పాలిపోయింది. "అత్తయ్యా, ఇది అమ్మ మాట కాదు. అమ్మ ఇలా మాట్లాడదు. మీలాగా ఉంది," అన్నది తనకొచ్చిన తెలుగులో.

తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని తమ తీరులో పలికింది. మొదట గట్టిగా, తర్వాత జారవిడుస్తూ. ఆవిడ కూతురి పెదవులు చూసింది, నా చేతులు చూసింది. రెండూ కలవలేదు. నోట్లో మాట చిక్కుపడి ఏడ్చింది. మర్నాటి నుంచి ఒక్క మాటా లేదు. ఏది కావాలన్నా వేలు చూపిస్తుంది.

మాట మళ్ళీ వస్తుందో రాదో చెప్పలేనన్నది మాట నేర్పే అమ్మాయి. కోడలు నన్నేమీ అనలేదు. అంటే బాగుండును.

రోజూ సాయంత్రం కోడలు తల్లి పక్కన కూర్చుని ఒక్కో మాటా పలుకుతుంది. ఆవిడ నోరు తెరిచి మూసేస్తుంది. నేను గుమ్మం అవతలే నిలబడిపోతాను. ఆవిడకు మిగిలిన ఆ కాసిని మాటలూ నమ్మి నా చేతిలో పెట్టారు. పాడుచేశాను.