గెంతులోళ్ళ పాకలో మా అత్త

మా అత్త గెంతులోళ్ళ పాకకి వెళ్తోందన్న సంగతి ఊరందరికీ తెలిశాక చిట్టచివరికి మా ఇంట్లో తెలిసింది. చెప్పింది కూడా మా చర్చి మనిషే. పాలు కొలిచి పోస్తూ, "నిన్న సాయంత్రం మీ అత్తగారు బాగా సప్పట్లు కొట్టినారమ్మా, సేతులు నొప్పెట్టలేదేటి?" అని అడిగింది. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండింది. పాలు తీసుకుని తలుపేసేశాను.

అరవైల చివరి రోజులవి. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఏడాది కూడా కాలేదు. పుట్టిల్లు విజయనగరం. మెట్టినిల్లు పాతపట్నం దగ్గర, మిషన్ కాంపౌండుని ఆనుకుని ఉన్న పెంకుటిల్లు. రెండు వైపులా బాప్టిస్టులమే. మా మామ మిషన్ బోర్డింగులో పిల్లల వార్డెను, చర్చి పెద్దలకి పెద్ద, అంటే పెద్ద డీకను. మా ఆయన సర్వే పనిమీద వారానికో ఊరు తిరిగేవాడు కాబట్టి ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే.

గెంతులోళ్ళంటే పెంతెకొస్తు వాళ్ళు. సంతకి వెళ్ళే తోవలో తాటాకు పాక వేసుకుని, డోలక్కూ తాళాలూ పెట్టుకుని పాడేవారు. అందరూ ఒకేసారి గట్టిగా ప్రార్థన చేసేవారు. ఆడవాళ్ళు నగలు తీసేసి తెల్లచీరలు కట్టేవారు. జ్వరమొస్తే మాత్ర మింగరని, ఆత్మ దిగితే ఎవరికీ తెలియని భాషలు మాట్లాడతారని చెప్పుకునేవారు. మా వాళ్ళు ఆ పాటలు వినపడగానే, "తప్పెటగుళ్ళు మొదలెట్టీసినారు" అని జాతర ఆటతో పోల్చి కిటికీలు మూసేవారు. మా చర్చిలోనేమో హార్మోనియం, నాలుగు గొంతుల్లో పద్ధతిగా పాట. చప్పట్లు క్రిస్మస్ నాటికకి తప్ప ఎరగం. ప్రార్థన ఒక్కరే చేస్తారు, మిగిలినవాళ్ళు కళ్ళు మూసుకుని వింటారు. ఆ ఒక్కరూ ఎవరో పాస్టరుగారు అప్పటికప్పుడు పేరు పెట్టి చెబుతారు. అంత అరవడానికి దేవుడికేమైనా చెవుడా అని మేం అంటే, అంత మెల్లగా పాడితే ఆయనకి నిద్రొచ్చీయదా అని వాళ్ళనేవారట. ఈ మాట నాకు లోలోపల నచ్చింది గానీ, బాప్టిస్టు కోడల్ని, పైకి ఎలా అంటాను?

నవ్వులాటతో పోతే బాగుండేది. కానీ పాకలో ఎవరో, బాప్టిస్టులకి నీళ్ళలో మునిగే బాప్తిస్మమే గానీ పరిశుద్ధాత్మ లేదు అన్నారని మా పెద్దలకి చేరింది. అక్కడ మనసు విరిగింది. డీకన్ల కమిటీ కూర్చుని, పాకకి వెళ్ళేవాళ్ళకి బల్ల ఇవ్వకూడదని నియమం పెట్టింది. బల్లంటే నెల మొదటి ఆదివారం అందరికీ రొట్టెముక్కా ద్రాక్షరసమూ ఇచ్చే ఆచారం. క్రైస్తవుడికి అది లేకపోవడమంటే పెళ్ళి పందిట్లో విస్తరి ముందునుంచి లేపేసినట్టే. ఆ నియమానికి మొట్టమొదట చెయ్యెత్తింది మా మామ. ఆడవాళ్ళ వైపు రొట్టె పళ్ళెం పట్టుకుని వచ్చేదీ ఆయనే.

పాల మనిషి మాట చెవిన పడగానే ఆయన ముఖం కందగడ్డ అయింది. ఆ సాయంత్రం మా అత్త పక్కింటికి వెళ్తున్నానని చెప్పి బయల్దేరింది. "నువ్వెల్లి సూసి రా," అన్నాడు నాతో. "నాను ఆ పాక గుమ్మం తొక్కకూడదు. భాసలాడతందా, గెంతుతందా, కచ్చితంగా సూసి సెప్పు."

తలమీద కొంగు లాక్కుని వెళ్ళాను. ఎవరి కంట పడినా విజయనగరం దాకా కబురు వెళ్తుందని భయం. పాకలో అడుగుపెట్టేసరికి పాట అయిపోయి ప్రార్థన మొదలైంది. సంతలో అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఒక్కసారి నోరు తెరిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. ఒకావిడ నిజంగానే గెంతుతోంది. ఒకతను ఏదో భాష మాట్లాడుతున్నాడు, ఒడియా కాదని మాత్రం చెప్పగలను. మా అత్త ఒక మూల మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. వెనకనుంచి వెళ్ళి దగ్గరగా కూర్చున్నాను. ఆ గోలలో ఆవిడ మాట వినాలంటే మరి అంత దగ్గరకి వెళ్ళాల్సిందే.

ఆవిడ భాషలేమీ ఆడటం లేదు. ఇంట్లో సంగతులు చెప్పుకుంటోంది.

"మా ముసలోడికి దగ్గు తగ్గించు నాయనా. కోపం కూడాని. కోపం సగం తగ్గిస్తే సాలు, మొత్తం తగ్గించీకు, బోర్డింగు గుంటలు మాట వినరు," అంటోంది. నాకు నవ్వాగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. అంతలో నా దగ్గరకి వచ్చింది. "నా కోడలు గుంట ఇజీనగరం బస్సు ఒచ్చినప్పుడల్లా గుమ్మంలోకొచ్చి నిలబడతన్నాది. బస్సు ఎల్లిపోయినాక దాని మొకం సూడలేకపోతన్నాను. దానికి మా ఊరు అలవాటు సెయ్యి తండ్రీ. నా సేతి కూర దానికి సయించదు. కారం ఎక్కువో, పులుపు ఎక్కువో, అది నాకు సెప్పదు. నువ్వైనా సెప్పు."

నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు. నేను గుమ్మంలో నిలబడటం ఆవిడ చూస్తోందని నాకు తెలియనే తెలియదు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆ ఊళ్ళో నన్ను కన్నవాళ్ళెవరో ఉన్నట్టు అనిపించింది.

తిరిగొచ్చేటప్పుడు ఇద్దరం కలిసే నడిచాం. నన్ను చూసి ఆవిడ కంగారు పడలేదు. "మీ మావ పంపినాడా?" అంది. అవునన్నాను. చర్చిలో లేనిది ఈ పాకలో ఏముందత్తా అని కాస్త గట్టిగానే అడిగాను.

"సర్సీలో నానెప్పుడు నోరిప్పినానే?" అంది. "పెళ్ళైన కొత్తల్లో ఓసారి నన్ను ప్రార్దన సెయ్యమన్నారు. ఓ తండ్రీ అన్నాను. ఆ తరవాత ఏటనాలో తెలిసినాది కాదు. మా ఊరి మాటలే ఒచ్చినాయి. కళ్ళు మూసుకునే ఆడోళ్ళు నవ్వినారు. అవతల మొగోళ్ళ వైపు మీ మావ కూడా నవ్వినాడు. మరింక నన్ను ఎవులూ అడగలేదు. పాకలో ఎవుడి గోల ఆడిది. నా తప్పులు ఎవులికీ ఇనపడవు, దేవుడికి తప్ప."

పోనీ పాకలో వాళ్ళయినా ఆవిణ్ణి నెత్తిన పెట్టుకున్నారా అంటే అదీ లేదు. పుస్తెలూ ముక్కుపుడకా తీసెయ్యమని పాక నడిపే బ్రదరుగారు చెబితే, "దేవుడు అడిగితే ఇస్తాను, నువ్వడిగితే ఇవ్వను. మా ఆయన ఇంకా బతికే ఉన్నాడు," అందట. మోకాళ్ళ నొప్పికి మిషన్ ఆసుపత్రి మాత్ర వేసుకునే పాకకి వెళ్ళేది. మాత్ర వేసుకోకపోతే మోకాళ్ళ మీద ఎలా కూర్చుంటానని ఆవిడ ప్రశ్న. ఇక్కడ గెంతులమ్మ, అక్కడ విశ్వాసం చాలని మనిషి. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అలా అయింది ఆవిడ పని. ఆవిడకి మాత్రం ఏ చీకూ చింతా లేదు. ఉదయం చర్చి, సాయంత్రం పాక, మధ్యలో మా ఇద్దరికీ వంట.

ఇంటికి రాగానే మామ నన్ను వాకిట్లోకి పిలిచాడు. "భాసలాడతందా?" అన్నాడు.

"లేదు మావయ్యా. మీ దగ్గు తగ్గమని అడుగుతోంది."

అక్కడితో నేనూరుకోవచ్చు కదా, నా నోరు అలాంటిది కాదు. "మీరు నవ్వారట కదా మావయ్యా, కొత్తల్లో ఆవిడ ప్రార్థన చేస్తే. అందుకే అక్కడికి వెళ్తోంది," అన్నాను.

"నానా? నాకు గుర్తు లేదు," అన్నాడు. గుర్తు లేదన్న మాట ఆయనకే నచ్చలేదని ముఖం చూస్తే తెలిసింది. ఆ పూట అన్నం సగంలో లేచిపోయాడు.

బల్ల ఆదివారానికి ముందురోజు కమిటీ మా అరుగుమీదే కూర్చుంది. పాస్టరుగారు కొత్తగా చదువుకుని వచ్చిన కుర్రాడు, పెళ్ళాం కాపురానికి వచ్చేదాకా రెండు పూటలా మా అత్త చేతి అన్నమే తిన్నాడు. ఆయన తలెత్తలేకపోతున్నాడు. మిగిలిన పెద్దలూ చెడ్డవాళ్ళేం కాదు. "ఇక పాకకి ఎల్లదని ఒక్క మాట అనిపించండి సార్, అక్కడితో ఒగ్గేద్దాం," అన్నారు మా మామతో.

గుమ్మం వెనకనుంచి మా అత్తే జవాబు చెప్పింది. "ఎల్తాను. రేపు సాయంత్రం కూడా ఎల్తాను. అబద్దం ఆడీసి ఆ రొట్టి తినమంటారేటి?"

 టీ గ్లాసులు ఖాళీ అయ్యాయి. నియమం అందరికీ ఒకటేనని, అంతకు ముందు ఒక కుటుంబాన్ని ఇలాగే ఆపామని ఒకాయన మెల్లగా గుర్తు చేశాడు. అదీ నిజమే. చివరికి ఇంకో డీకను, "రేపు ఆడోళ్ళ వైపు పళ్ళెం నాను పట్టుకెల్తాను, మీకెందుకు ఆ బాధ," అన్నాడు.

"నియమం పెట్టింది నాను," అన్నాడు మా మామ. "ఆవిడ నా భార్య. నానే ఎల్తాను."

పొద్దున్నే మా అత్త పెట్టెలోంచి నేత చీర తీసి కట్టుకుంది. ఈ ఒక్క వారం ఇంట్లో ఉండిపోదాం అత్తా, నలుగురిలో ఆ అవమానం ఎందుకు అని బతిమాలాను. "రొట్టి ఇవ్వకపోతే ఇవ్వరు. గుడి మానీడానికి నానేటి దొంగతనం సేసినానా?" అని నాకంటే ముందు గడప దాటింది.

మా చర్చిలో మగవాళ్ళు కుడివైపు బెంచీల మీద, ఆడవాళ్ళు ఎడమవైపు చాపల మీద కూర్చుంటారు. పాట అయింది, ప్రసంగం అయింది, ఏం చెప్పారో నా బుర్రకెక్కలేదు. మామ తెల్ల గుడ్డ కప్పిన పళ్ళెం తీసుకుని మా వైపు వచ్చాడు. ముందు వరసకి ఇచ్చాడు. రెండో వరసకి ఇచ్చాడు. మా వరసకి వచ్చాడు. ఆయన చెయ్యి ఇబ్బంది పడకూడదని మా అత్త తన రెండు చేతులూ కొంగు కింద దాచేసుకుంది. పక్క మనిషికి పళ్ళెం అందడానికి దారిచ్చి కాస్త వెనక్కి కూడా జరిగింది.

మామ పక్క మనిషి దగ్గరకి వెళ్ళలేదు. అక్కడే ఆగిపోయాడు.  తర్వాత వంగి పళ్ళెం నా చేతుల్లో పెట్టి, ఆ చాప మీద, ఆడవాళ్ళ మధ్య, మా అత్త పక్కన కూలబడ్డాడు.

"లెగండి. నలుగురూ సూస్తన్నారు," అంది మా అత్త, పళ్ళ బిగువున.

"సూడనీ. ఇన్నేళ్ళూ నీకు నానే ఇచ్చినాను," అన్నాడు. "నీకు లేని ముక్క నాకు గొంతు దిగదు."

పళ్ళెం నా ఒళ్ళో ఉంది. ఆ చర్చిలో ఆడది పళ్ళెం పట్టుకోవడం అంతకు ముందు లేదు. దాన్ని పక్కకి అందించాలో, మామకి తిరిగివ్వాలో తెలియక బిగుసుకుపోయి కూర్చున్నాను. పాస్టరుగారే దిగి వచ్చి, నా చేతుల్లోంచి తీసుకుని, మిగిలిన వరసలకి ఆయనే ఇచ్చాడు. మా ముగ్గురికీ ఇవ్వలేదు, మేమూ చెయ్యి చాపలేదు. ఆ తర్వాతి నెల పళ్ళెం మా అత్త ముందు మామూలుగానే ఆగింది. ఆ నియమం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, రద్దు చేశామనీ ఎవరూ చెప్పలేదు. కానీ ఆ రోజు అది మాకెవరికీ తెలియదు. చర్చి నుంచి వెలి పడ్డామనే నేననుకున్నాను.

బల్ల అయ్యాక ముగింపు ప్రార్థన పెద్ద డీకను చెయ్యాలి. ఆయనేమో చాప మీద ఉన్నాడు. పాస్టరుగారు మగవాళ్ళ వైపు చూశాడు, మళ్ళీ మా వైపు చూశాడు. "ముగింపు ప్రార్థన అమ్మగారు చేస్తారు," అన్నాడు. అమ్మగారంటే ఎవరో చెప్పనక్కర్లేకపోయింది, ఆయన మా అత్తనే చూస్తున్నాడు.

మా అత్త నా మణికట్టు పట్టుకుంది.  ఇక్కడ గోల లేదు. ఒక్కొక్క మాటా అందరికీ వినపడుతుంది. లేవలేదు, కూర్చునే కళ్ళు మూసుకుంది.

"తండ్రీ, నాకు సదువు లేదు. ఈ పెద్దోళ్ళంతా వింటన్నారు, నాకు బయంగా ఉన్నాది. నాకు రొట్టి ఇవ్వలేదని ఆళ్ళ మీద కోపగించుకోకు, ఆళ్ళు మంచోళ్ళే. పాకలో ఉన్నోళ్ళూ మంచోళ్ళే. ఈళ్ళకి ఆళ్ళంటే పడదు, ఆళ్ళకి ఈళ్ళంటే పడదు, నువ్వే ఎలగో నెట్టుకొస్తన్నావు. మా పెళ్ళైన కాణ్ణించి ఈ సర్సీలో ఆయనొక వైపు, నానొక వైపు. ఇయ్యాలే నా పక్కనొచ్చి కూకున్నాడు. ఇయ్యాలకి నాకదే బల్ల నాయనా. ఆమెన్."

ముందుగా గట్టిగా ఆమెన్ అనాల్సింది మా మామ. తల దించుకుని కూర్చుండిపోయాడు. ఆయన వంతు కూడా కలిపి నేనే అన్నాను, పాకలో వాళ్ళు అన్నంత గట్టిగా.