నీళ్ళ బాల్ట్స్ అడగడం మరిచిన సంగతి

బాల్ట్స్ కుబ్లి రూటిబాఖ్ ఊరికి ముప్పై ఏడేళ్ళు నీటి మేస్త్రీగా పనిచేశాడు. కొండమీది ఆరు ఊటల నుంచి ఊరికి దిగే నీరంతా అతని చేతిమీదుగానే దిగేది. ప్రతి నెలా మొదటి మంగళవారం ఊటకొక సీసా చొప్పున నింపి, మీద తేదీ, గంట, నీటి వేడిమి రాసేవాడు. ఉద్యోగంలో చేరిన రోజున పై ఊట వేడిమి ఏడు దశాంశం నాలుగు డిగ్రీలు. విరమించిన రోజునా అంతే. వీడ్కోలు సభలో అతను చెప్పింది ఆ ఒక్క విషయమే. ఇంకేమైనా చెబుతాడేమోనని జనం కాసేపు ఎదురుచూసి, తర్వాత చప్పట్లు కొట్టారు.

అతనూ భార్య బెత్లీ నాలుగో అంతస్తులో ఉంటారు. లిఫ్టు లేదు. మెట్లు అరవై ఎనిమిది. బెత్లి మోకాళ్ళు రెండూ అరిగిపోయాయని డాక్టరు చెప్పి మూడేళ్ళయింది. ఆమె రోజుకు ఒక్కసారే కిందికి దిగుతుంది, దిగినప్పుడే పనులన్నీ ముగించుకుని పైకి వస్తుంది.

ఊరి చివర, ఏటి పక్కన మూతపడిన అద్దకాల మిల్లు స్థలంలో నలభై రెండు కొత్త ఇళ్ళు కట్టాలని లోయ ప్రభుత్వం తలపెట్టింది. వాటిలో పదకొండు నేలమీదివి, ఒక్కోదానికి ఇరవై చదరపు మీటర్ల పెరటి మడి. కోరుకున్నవారి జాబితాలో కుబ్లి దంపతులది ఏడో పేరు. బెత్లి అప్పుడే గళ్ళ కాగితంమీద మడి గీసేసింది: ఉల్లికాడలు రెండు వరుసలు, పాలకూర ఒక వరుస, గోడవారగా రెండు ఉసిరి పొదలు. ఆ కాగితం వంటింటి అలమర తలుపుకు అతికించి ఉండేది.

ఏప్రిల్ మొదటి వారంలో ఓటర్లందరికీ సభ పుస్తకం వచ్చింది. ఏటా మే నెల మొదటి ఆదివారం లోయ ఓటర్లంతా మైదానంలో చేరి, చెయ్యెత్తి తేల్చే ప్రతిపాదనలు ఈ ఏడు మూడే. ఒకటి, అరవై దాటినవారికి గోమారి జ్వరం టీకా ఉచితంగా వేయడం. రెండు, మాంసం దుకాణాలూ పూటకూళ్ళ ఇళ్ళూ తాము అమ్మే సాసేజ్‌లో ఏమేమి కలిపారో పలకమీద రాయడం. మూడు, మిల్లు స్థలం. పుస్తకం నూట నలభై మూడు పేజీలు. అనుబంధాలతో సహా చదివినవారు లోయలో ఎందరున్నారో తెలియదు గాని, బాల్ట్స్ పెన్సిలు పట్టుకుని రెండుసార్లు చదివాడు.

ఎనభై ఏడో పేజీలో ఒక వాక్యం ఉంది: 'ఈ స్థలంలో వాడుకలో ఉన్న నీటి వనరు ఏదీ లేదు.'

ఆ వాక్యం నిజమే. పంతొమ్మిది వందల తొంభై ఆరులో, బట్టలు ఆరబెట్టే చెక్క బురుజు వెనకనున్న మిల్లు బావిలో బాల్ట్స్ రెండు సీసాలు నింపాడు. మొదటిదానిలో లీటరుకు అరవై ఒక్క మైక్రోగ్రాములు, రెండోదానిలో యాభై ఎనిమిది మైక్రోగ్రాములు పాషాణం, అంటే ఆర్సెనిక్ విషం, తేలింది. పూర్వం ఆకుపచ్చ అద్దకానికి వాడేవారు దాన్ని. తాగే నీటికి అప్పటి హద్దు యాభై, ఇప్పటి హద్దు పది. బావిని కాంక్రీటుతో పూడ్చారు. ఆ ఫలితాల కాగితం 'మూసిన బావులు' అనే దస్త్రంలోకి వెళ్ళింది. కొత్త ఇళ్ళ నివేదిక రాసినవారు తెరిచి ఉన్న బావుల దస్త్రం చూశారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. మట్టిని మాత్రం ఎవరూ తవ్వి చూడలేదు.

బాల్ట్స్ లోయ ప్రభుత్వ కచేరీకి ఉత్తరం రాశాడు. అభ్యంతరాలకు గడువు ముగిసిందనీ, సభలో మాట్లాడే హక్కు పౌరులందరికీ ఉందనీ, ఆసక్తికి ధన్యవాదాలనీ జవాబు వచ్చింది.

"మాట్లాడతావా?" అని బెత్లి అడిగింది. "నలభై ఏళ్ళుగా అక్కడ నుంచుని వస్తున్నావు. ఒక్కసారన్నా నోరు విప్పావా?"

"ఇన్నాళ్ళూ నేను కొలవని సంగతులే మాట్లాడుకున్నారు."

"మరి నా ఉల్లికాడలు?"

"ఆ మట్టి సంగతి నాకు తెలియదు, బెత్లి. ఎవరికీ తెలియదు. ఆ మాట చెప్పడానికే వెళ్తున్నాను."

"తెలియదని చెప్పడానికి బస్సెక్కి వెళ్ళే మనిషిని నిన్నే చూస్తున్నా." ఆమె అలమర తలుపు వంక చూసింది. "సరే, చెప్పు. నా ఓటు కార్డు మాత్రం నా ఇష్టం."

ఆ ఆదివారం చినుకులు పడుతున్నాయి. మైదానంలో చెక్క మెట్ల వలయంలో నాలుగైదు వేలమంది చేరారు. ఈ ఏటి ఓటు కార్డు నారింజ రంగుది. చెయ్యెత్తేవేళ ముందువాడి గొడుగు అడ్డం రాకూడదు గనుక అందరూ గొడుగులు ముడిచి తడుస్తూ నిలబడ్డారు.

టీకా ప్రతిపాదన తొమ్మిది నిమిషాల్లో నెగ్గింది. సాసేజ్ దగ్గర యాభై నిమిషాలు పట్టింది.

రూటిబాఖ్ మాంసం దుకాణందారు యోస్ట్ హెఫ్టి వలయం నడుమ మాట్లాడేవారి మంచె ఎక్కాడు. దూడమాంసం సాసేజ్‌లో తెల్ల రొట్టె ఎంత కలుస్తుందో బాల్ట్స్ ఒకసారి ఇంట్లో తూచి పొరుగింటావిడకు చెప్పాడు. నూటికి పన్నెండు పాళ్ళు. అప్పటినుంచి నాలుగేళ్ళుగా వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

"సాసేజ్‌లో రొట్టె ఉంటుందని ఈ లోయలో పాలుతాగే పిల్లకు కూడా తెలుసు," అన్నాడు హెఫ్టి. "తెలియనివాడికి వాళ్ళమ్మ చెప్పాలి గాని, నా పలకెందుకు చెప్పాలి? ఈ ప్రతిపాదనను తిరస్కరించాలని కోరుతున్నాను."

జనం నవ్వారు, తర్వాత అతన్ని ఓడించారు. పలక ఉండాలని బాల్ట్స్ కార్డెత్తాడు. హెఫ్టి మూడు మీటర్ల దూరంలో నిలబడి చూశాడు. ఈ సభలో రహస్యంగా చెయ్యెత్తే వీలు లేదు.

మూడో ప్రతిపాదనకు అధ్యక్షురాలు ఆగ్నెస్ లుక్సింగర్ మాట్లాడేవారిని పిలిచింది. బాల్ట్స్ చెయ్యెత్తి, తోవ ఇచ్చినవారినల్లా క్షమించమంటూ మంచె ఎక్కాడు.

మంచెక్కినవాడు ముందుగా తానేం కోరుతున్నాడో చెప్పాలి: ఒప్పుకోవాలా, తిరస్కరించాలా, మార్చాలా, వాయిదా వేయాలా. ఆ తర్వాతే కారణాలు. ఈ నియమం లోయలో అందరికీ తెలుసు. బాల్ట్స్‌కూ తెలుసు. అయితే ముప్పై ఏడేళ్ళలో అతను నింపిన ఏ పత్రంలోనూ కోరిక రాయడానికి గడి లేదు.

"విశ్వాసపాత్రులైన నా లోయవాసులారా," అని ఆనవాయితీ ప్రకారం మొదలుపెట్టాడు. బావి లోతు చెప్పాడు, పద్దెనిమిది మీటర్లు. సీసాలు నింపిన తేదీలు చెప్పాడు. అరవై ఒకటి, యాభై ఎనిమిది అని చెప్పి, రెంటికీ గల తేడా కొలతలో రావలసినంతే అన్నాడు. దస్త్రం పేరు, అలమర సంఖ్య చెప్పాడు. మట్టిలో ఏముందో తనకు తెలియదన్నాడు. నాలుగు నిమిషాలయ్యాయి. వందనం చేసి దిగబోయాడు.

"కుబ్లిగారూ," అంది అధ్యక్షురాలు. "మీ కోరికేమిటో చెప్పలేదు."

బాల్ట్స్ ఆలోచించాడు. "కోరికేమీ లేదండీ. నేను కొలిచాను, అంతే."

మైదానమంతా నవ్వింది. "నీళ్ళ బాల్ట్స్, దాహం వేస్తోందని చెప్పవయ్యా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"కోరిక లేనిదే నేను ఓటుకు పెట్టలేను," అంది అధ్యక్షురాలు, కాస్త నొచ్చుకుంటూనే. "ఒక మనిషికి ఒక అంశంమీద ఒక్కసారే అవకాశం."

బాల్ట్స్ దిగి బెత్లి పక్కన నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. అధ్యక్షురాలు ఇంకెవరైనా ఉన్నారా అని రెండుసార్లు అడిగింది. ఇళ్ళ ప్రతిపాదన అలాగే ఓటుకు వెళ్ళిపోయేది. అప్పుడు హెఫ్టి మళ్ళీ మంచెక్కాడు.

"మట్టి తవ్వి చూసి, ఫలితం వచ్చే ఏడు పుస్తకంలో అచ్చువేసేదాకా దీన్ని వాయిదా వేయాలని కోరుతున్నాను," అన్నాడు. "ఈ మనిషంటే నాకు ప్రేమేమీ లేదు. నా సాసేజ్‌ను తక్కెడలో పెట్టినవాడు. కాని గంట క్రితమే మీరంతా నా సాసేజ్ లోపల ఏముందో పలకమీద రాసి తీరాలన్నారు. నా సాసేజ్ మీరు ఒక పూట తింటారు. ఆ మట్టిమీద యాభై ఏళ్ళు కాపురముంటారు. మరి దానికి పలక అక్కర్లేదా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

లోయ సభలో చేతులు లెక్కపెట్టరు. అధ్యక్షురాలు కళ్ళతో చూసి ఎటు ఎక్కువో చెబుతుంది. ఈ పద్ధతి గురించి బాల్ట్స్‌కు ఒక అభిప్రాయం ఉంది గాని, ఎవరూ అడగలేదు గనుక అతనెప్పుడూ చెప్పలేదు.

ముందుగా వాయిదాకు కార్డులు లేచాయి, దింపాక వ్యతిరేకులవి లేచాయి. ఆమెకు తేడా కనపడలేదు. రెండోసారి ఎత్తించింది. అప్పుడూ తెలియక నలుగురు మంత్రులను పక్కకు పిలిచి మూడోసారి ఎత్తించింది. వాయిదాకు బాల్ట్స్ మూడుసార్లు చెయ్యెత్తాడు. అతని భుజం పక్కనే బెత్లి మూడుసార్లూ వ్యతిరేకంగా ఎత్తింది, చెయ్యి పూర్తిగా చాచి, కార్డు వంకర పోకుండా. అతను చూశాడు. అతను చూసిన సంగతి ఆమె గమనించింది.

నలుగురు మంత్రులూ తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు.

"వాయిదాకే ఎక్కువ," అంది అధ్యక్షురాలు.

సభ ముగిశాక ఆనవాయితీ ప్రకారం అందరూ దూడమాంసం సాసేజ్, ఉడకబెట్టి మెదిపిన బంగాళాదుంప, ఎండు రేగుపళ్ళ పులుసు తిన్నారు. హెఫ్టి బల్లముందు పలకమీద అప్పుడే సుద్దతో రాసి ఉంది: 'దూడ, పంది, పాలు, తెల్ల రొట్టె. కుబ్లి తూచినది.' చట్టం వచ్చే జనవరి నుంచి గాని అమలు కాదు.

"నూటికి పన్నెండని కూడా రాయవలసింది," అన్నాడు బాల్ట్స్.

"తిను ముందు," అన్నాడు హెఫ్టి. నాలుగేళ్ళలో వాళ్ళు నేరుగా ఆడుకున్న మొదటి మాటలు అవే.

తిరుగు బస్సులో బెత్లి అతనివైపు తిరిగింది.

"నీ లెక్క తప్పని కాదు బాల్ట్స్, నేను అటు ఎత్తింది. అరవై ఎనిమిది మెట్లున్నాయి. వాటిని కూడా ఎవరో ఒకరు లెక్కలో వేయాలిగా."

"వేయాలి," అన్నాడు అతను.

మట్టి నమూనాలు తవ్వేవారు జూన్‌లో వస్తారని కచేరీ తెలిపింది. ఇళ్ళ జాబితాలో తమ పేరు ఇంకా ఏడో చోటే ఉందో లేదో బాల్ట్స్ విచారించలేదు. ఆ కబురు వచ్చిన మర్నాడు పొద్దున్న పై ఊట దారిలో, మిల్లుకు మూడు వందల మీటర్ల ఎగువనున్న పచ్చికలో రెండు బకెట్ల మట్టి తవ్వాడు. అరవై ఎనిమిది మెట్లమీదుగా రెండు విడతలుగా మోసి, బాల్కనీలోని చెక్క తొట్టెలో పోశాడు. సగమే నిండింది.

బెత్లి వేలితో మట్టిని నలిపి చూసింది.

"ఇది కొలిచావా?"

"ఒక సీసాడు పరీక్షకు పంపాను. పది రోజులు పడుతుందట."

"అయితే పదకొండో రోజున నాటుతాను," అని ఆమె తొట్టెమీద గోనెపట్టా కప్పింది. అతను ఖాళీ బకెట్లు పట్టుకుని మళ్ళీ కిందికి దిగాడు.