కారు తుడిచే బ్రష్షు

మా అత్త పోయింది. పనికి పోదాం లెమ్మని తెల్లవారుజామున పిలిస్తే పలకలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. నిద్రలోనే వెళ్లిపోయింది, అదృష్టవంతురాలు అన్నారందరూ. నాకు మాత్రం ఆమెను తలుచుకుంటే ఏడుపు కంటే ముందు సిగ్గు వస్తోంది.

మాది బలసముద్రం పక్క పల్లె. వేరుశనగ పండే మా చేనును సోలార్ పార్కుకు కౌలుకిచ్చాం. ఇప్పుడక్కడ ప్యానెళ్లు ఉన్నాయి. వాటి మీది దుమ్ము కడిగే కూలికి అత్తాకోడళ్లం ఇద్దరం పోయేవాళ్లం. ఒకప్పుడు కూలీల వెనక నిలబడి కాయలు పీకించిన మనిషి, అదే నేల మీద ఇంకొకరు పిలిస్తే పలకాల్సి వచ్చింది. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఊళ్లో దాపరికం లేదు. పుట్టింటివాళ్లకు తెలియకూడదన్నదే ఆమె బాధంతా. పుట్టింటి వైపు నుంచి వచ్చే హొసకోట బస్సు కనిపిస్తే కొంగు ముఖం మీదికి లాక్కునేది. బ్రష్షు తలను తన పాత ఆకుపచ్చ చీర ముక్కలో చుట్టి, ఏ చీపురుకట్టో అన్నట్టు చంకలో పెట్టుకునేది. ఎందుకత్తా అని నేనెప్పుడూ అడగలేదు. నా బ్రష్షూ అదే గుడ్డలో చుట్టుకునేదాన్ని.

అంత దాచిపెట్టిన బ్రష్షును ఎంత ముద్దుగా చూసుకునేదో చెబితే నవ్వుతారు. పార్కు స్టోరుకు కొత్త బ్రష్షులు వచ్చిన రోజు ముందు వరసలో ఆమే. ఒక్కొక్కటే తీసి పోచలు బుగ్గకు ఆనించుకుని అటూ ఇటూ రాసుకునేది. "బుగ్గను గీరేది గాజును గీరకుండా ఉంటాదా?" అని గరుకువన్నీ పక్కన పడేసేది. పని అయ్యాక నీళ్లలో జాడించి, తన పాత దువ్వెనతో పోచల్లో ఇరుక్కున్న ఇసుక దువ్వేది. పోచలు నేలకు ఆనించి నిలబెడితే ఊరుకునేది కాదు, వంగిపోతాయని ఇంట్లో గోడకు కొట్టిన మేకుకు తగిలించేది. పిట్టలు రెట్ట వేసి ఎండిపోయిన చోట నేను రేకుముక్కతో గీకబోతే చెయ్యి పట్టుకునేది. "తడిగుడ్డ ఏసి నాననీమ్మే. నీ తొందరకు గాజేం చేసినాది?"

పోయిన ఏడు ఆమె పుట్టింటి వదిన పెళ్లిపిలుపుకు వచ్చింది. నేను పెద్దమ్మా అని పిలుస్తాను. చెప్పకుండా వచ్చేసరికి గోడకున్న బ్రష్షు తీసి దాచే వ్యవధి లేదు.

"ఏంది వదినా ఇది?" అంది పెద్దమ్మ.

"కారు తుడిచేది" అంది అత్త, రెప్ప వాల్చకుండా.

"కారు యాడుండాది?"

"కొంటానంటాండాడు మావోడు. ముందు బ్రష్షు తెచ్చినాడు."

"అంత పొడుగు కట్టె కారుకు ఏమిటికే?"

"పెద్ద కారు వదినా!"

నేను వంటింట్లోకి పారిపోయాను. ఆ రాత్రి ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. నవ్వి నవ్వి అత్త ఉన్నట్టుండి ఆగిపోయి, "కష్టపడి తింటాండాము, దొంగతనం చేసినట్ల దాంచుకుంటాండాము" అంది. నేను దీపం తీసేశాను. అవునంటే రేపటినుంచి బ్రష్షు మీది గుడ్డ విప్పి నడవాల్సి వస్తుందని.

దినాలకు పెద్దమ్మ వచ్చింది. నలుగురిలో నా చెయ్యి పట్టుకుని, "కారు ఎక్కకుండానే పాయె మా వదిన. ఎప్పుడు కొంటాండారు?" అంది. నిజం చెబితే పోయిన మనిషి అబద్ధం బయటపడుతుంది. చెప్పకపోతే ఆమె చేసిన కష్టమే లేకుండా పోతుంది. "సూడాల పెద్దమ్మా" అన్నాను. ఆ మాట ఇంకా నోట్లో చేదుగానే ఉంది.

మర్నాడు పనికి బయలుదేరుతూ గుడ్డ కోసం వెతికాను. లేదు. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచరని చీరలన్నీ మూటగట్టి ఇచ్చేశారు, వాటితో అదీ పోయింది. తీగ మీద నా పాత చీర ఉంది. చింపుదామని అంచు పట్టుకున్నాను కూడా. ఆమె పోయాక కూడా ఆమెను దాచడానికే నా చెయ్యి పోయింది కదా అనిపించి వదిలేశాను.

అత్త బ్రష్షునే భుజాన వేసుకుని రోడ్డు మీదికి వస్తే, బస్సు కోసం పెద్దమ్మ నిలబడి ఉంది. దాటిపోదామనుకున్నాను. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాను.

"పెద్దమ్మా, ఇది కారుది కాదు. మా చేన్లో ప్యానెళ్లు కడిగేది. అత్తది. కూలికి పోతాంటిమి ఇద్దరం" అన్నాను, నేల చూస్తూ.

తిడుతుందనుకున్నాను. ఆమె బ్రష్షును పైనుంచి కిందికి చూసి, "ఇంత బిరుసుదాంతో రుద్దితే గాజు గీరుకోదా?" అంది.

"బుగ్గకు పెట్టి సూసేది అత్త" అన్నాను.

బస్సు వచ్చి హారన్ కొడుతోంది. పెద్దమ్మ రెండు చేతులతో బ్రష్షు పట్టుకుని, నడిరోడ్డు మీద పోచలను బుగ్గకు ఆనించుకుని, కళ్లు మూసుకుంది.