వెనక చక్రం కింద రాయి

ఆ వీధిలో అతని పేరు ‘నవ్వొద్దు’. పాస్‌పోర్టు ఫొటో కోసం స్టూలు మీద కూర్చున్న ప్రతివారితోనూ అతను అనే మొదటి మాట అది. అనీ అనీ అదే పేరై కూర్చుంది.

స్టూడియో అంటే ఒకటే గది. స్టూలు, పళ్లూడిన దువ్వెన, గోడకి అద్దం, వెనక కొండలు గీసిన తెర. పాస్‌పోర్టు ఫొటోలకి దాని మీద తెల్లగుడ్డ దించుతాడు. జంటలకి మాత్రం కొండలే కావాలి. ఆ కొండలు వెలిసిపోయాయి. శిఖరం దగ్గర చిరిగితే అతని భార్య దారంతో కుట్టింది. ఆ కుట్టు ఒక పెళ్లికూతురి ఫొటోలో చెవిలోంచి పాకుతున్న జెర్రిలా పడింది. ఫొటో వెనక్కి వచ్చింది.

బజారు తెరల మీద ఫౌంటెన్లూ హంసలూ ఉంటాయి. అవి అతనికి గిట్టవు. నిజం కొండని తనే ఫొటో తీసి, గోడంత పెద్దగా అచ్చు వేయించాలని పట్టుబట్టాడు. అలా బావమరిది పాత కారులో ముగ్గురూ కొండల నడుమ ఉన్న జాతీయ పార్కుకి బయల్దేరారు. భార్య మోకాలికి కట్టుతో వెనక సీటులో కాలు చాపుకుని కూర్చుంది.

ప్రతి మలుపులోనూ అతను “ఆపు” అనేవాడు. దిగి చూసి, పెదవి విరిచి మళ్లీ ఎక్కేవాడు. ఒకచోట నడుమ స్తంభం, ఒకచోట హెచ్చరిక బోర్డు, ఒకచోట చెట్టు.

“కొండ అటు ఉండాలి, అడవి ఇటు ఉండాలి. నడుమ ఏమీ ఉండకూడదు. అక్కడ మనుషులు నిలబడాలి కదా” అన్నాడు.

“ఇంత పెట్రోలు పోసుకుని, ఏమీ లేని చోటు కోసం తిరిగేవాణ్ణి నిన్నే చూశాను బావా” అన్నాడు బావమరిది.

“ఆ కొండనే కాస్త పక్కకి జరగమనండి. గడ్డం పైకెత్తమనండి. మీ మాట వినకుండా పోతుందా?” అంది భార్య.

మధ్యాహ్నం దాటాక మబ్బు దిగింది. చీకటి పడేలోగా అవతలి గేటు దాటాలని కాపలాదారు ముందే చెప్పాడు. ఆ తొందరలో ఎక్కుడు రోడ్డు మీద కారును తరిమితే ఇంజను వేడెక్కి పొగ కక్కింది. బావమరిది రోడ్డు పక్క జాగాలోకి తిప్పి ఆపాడు. ముందంతా ఎక్కుడు. వెనక, రోడ్డు పల్లానికి జారి మలుపు తిరిగేచోట మోకాలెత్తు గోడ. గోడ అవతల లోయ.

ఆ కారుకి హ్యాండ్ బ్రేకు పేరుకే ఉంది. గేరులో వదిలితే గేరు మళ్లీ ఊడిరాదు. వెనక తలుపులు బయటి నుంచి తీస్తే తప్ప తెరుచుకోవు. అందుకే బావమరిది ఆపిన ప్రతిచోటా వెనక చక్రాల కింద చెరో రాయి పెడతాడు. ఇక్కడా పెట్టాడు.

“కింద వాగు దాటాం కదా, నీళ్లు తెస్తాను. బండి దగ్గరే ఉండు బావా. అక్క లోపల ఉంది” అని క్యాను తీసుకుని వెళ్లాడు.

బావమరిది అటు వెళ్లగానే మబ్బు చీలింది. ఎడమవైపు కొండ, కుడివైపు అడవి. నడుమ ఒట్టి ఆకాశం. పొద్దుటి నుంచి వెతుకుతున్నది ఎదురుగా నిలబడింది. వెలుగు శిఖరం మీద పడి మెల్లగా కిందికి దిగుతోంది.

అతను స్టాండు నిలబెట్టి కెమెరా బిగించాడు. గాలికి స్టాండు వణికింది. దాని కింద బరువు వేలాడదీస్తే తప్ప ఫొటో నిలవదు. చుట్టూ చూశాడు. అంతా గులకరాళ్లు, బురద. కారు చక్రం కింద మాత్రం గుండ్రంగా, చేతికి అందేలా ఒక రాయి ఉంది. రెండో చక్రం కింద ఇంకోటి ఉంది కదా అనుకున్నాడు. రాయి లాగాడు. కారు కదల్లేదు. తువాలులో మూటకట్టి స్టాండు నడిమికి బిగించాడు.

వణుకు ఆగింది. కెమెరా తీగ చివరి బొత్తాం పట్టుకుని, వెలుగు కొండ మొదటికి దిగేదాకా ఊపిరి బిగబట్టాడు.

వెనక గులకరాళ్లు నలిగిన చప్పుడు. అతను విన్నాడు. విని కూడా తల తిప్పలేదు. వెలుగు ఇంకొంచెం దిగాలి.

“ఏమండీ, బండి కదులుతోంది.”

ఆ గొంతులో ఎప్పటి వెటకారం లేదు. తిరిగి చూశాడు. రెండో రాయి బురదలోకి కూరుకుపోయింది. చక్రం దాని మీదికెక్కి అవతలికి దిగుతోంది. అద్దం వెనక భార్య చెయ్యి తలుపు పిడిని లాగుతోంది. తెరుచుకోదని తెలిసీ లాగుతోంది.

ముడి విప్పే వ్యవధి లేదు. స్టాండు, కెమెరా, రాయి, అన్నిటినీ కలిపి ఎత్తుకుని పరుగెత్తాడు. కారు వేగం పుంజుకుంటోంది. చక్రం వెనక మోకాళ్ల మీద పడి మొత్తం కిందికి తోశాడు. స్టాండు కాలు వంగింది, లెన్సు పగిలింది. చక్రం రాతిని ఒరుసుకుని, ఒకసారి ఊగి, ఆగింది. వెనక గోడ ఇంకా నాలుగడుగుల దూరంలో ఉంది.

తలుపు తీసి భార్యని దింపాడు. ఆమె అతని భుజం పట్టుకుని కుంటుతూ వెళ్లి గోడ మీద కూర్చుంది.

బావమరిది క్యానుతో వచ్చి చూశాడు. “ఇదేంటి బావా, బండి ఇక్కడికొచ్చింది? స్టాండు చక్రం కింద ఉందేంటి?”

అతను నోరు తెరిచేలోగా భార్య అందుకుంది. “రాయి చాలేట్టు లేదని స్టాండు కూడా పెట్టారు. నీ బండి మీద నమ్మకం అలాంటిది.”

బావమరిది వంగి తువాలు ముడి చూశాడు. బావ మొహం చూశాడు. వెళ్లి బానెట్ ఎత్తాడు.

గేటు దాటాక వెనక సీటు నుంచి, “వచ్చిందా కొండ?” అంది భార్య.

“తెలీదు.”

“రాకపోయినా సరే, ఆ పాత తెరకి నేనింక కుట్టు వెయ్యను.”

వచ్చింది, ఒక్క ఫొటోలో. పరుగెత్తేముందు స్టాండు ఎత్తినప్పుడు బొత్తాం నొక్కుకుపోయినట్టుంది. కొండ పక్కకి ఒరిగిపోయి ఉంది. సరిచేస్తే అంచులు తెగి నడుమ ఖాళీ చాలదు. అలాగే అచ్చు వేయించి తగిలించాడు. దాని ముందు నిలబడిన జంటలు తెలియకుండానే కొండతోపాటు ఒరుగుతారు. ఇప్పుడతను “నవ్వొద్దు” తర్వాత “ఒరగొద్దు” అని కూడా అంటున్నాడు.

భార్యని ఆ తెర ముందు నిలబడమని ఒక్కసారే అడిగాడు.

“వద్దులెండి. అక్కడ నిలబడితే వెనక్కి జారుతున్నట్టుంటుంది” అంది.

అతను మళ్లీ అడగలేదు.