గౌరి పాలు చేపని వారం

మొన్న మా టాటానగర్ సాక్చీ బజారులో తెలగపిండి అమ్మే దుకాణం ముందు నుంచి వెళ్తుంటే ఆ కమ్మటి నూనె వాసన ముక్కుకు తగిలి, బర్మామైన్స్‌లో మా ఇరుకు సందు, దాని చివర రేకుల పాక, అందులో నెమరువేస్తూ పడుకున్న గౌరి ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి.

గౌరి మా ఆవు. పలాస దగ్గర అమ్మ పుట్టింటివాళ్ళు పెళ్ళి సారెతో పాటు ఇచ్చిన పెయ్య. అమ్మ మామూలు రైల్లో టాటానగర్ వస్తే, గౌరి గూడ్సు పెట్టెలో, పక్కనే గడ్డిమోపు మీద కూర్చున్న నాన్నతో వచ్చిందట. "మీ నాన నాకన్నా దానికే ఎక్కువ మర్యాద సేసినాడు" అని అమ్మ మూతి తిప్పేది. అది ఈనినప్పుడల్లా బెల్లం, మిరియాలు వేసి వండిన జున్ను కోసం బీహారీ, ఒడియా పిల్లలు కూడా గిన్నెలు పట్టుకుని మా గుమ్మంలో బారులు తీరేవాళ్ళు.

డెబ్భైల చివర, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, నాన్నకు బారిడీహ్‌లో మేడమీద కంపెనీ క్వార్టరు వచ్చింది. అబ్బో, ఇంట్లోనే కుళాయి, తిరిగే ఫ్యాను! కానీ మేడమీద ఆవునెక్కడ కడతాం? కాసిడీహ్‌లో రాంబిలాస్ అనే పాలవాడికి దూడతో సహా గౌరిని అమ్మేశాం. అమ్మకు అన్నం సయించలేదు.

వారం తిరక్కుండా రాంబిలాస్ సైకిలేసుకుని వచ్చాడు. దూడను వదిలినా గౌరి పాలు చేపడం లేదట, పొదుగులోకి చుక్క కూడా దిగడం లేదట, దగ్గరికెళ్తే తన్నుతోందట. "ఐసే నహీ చలేగా, భాభీ" అన్నాడు. ఇలా కుదరదు, సంతకు తోలేస్తానన్నాడు. గౌరి తిరిగి మాకే వచ్చేస్తుందన్న ఆశతో అమ్మ ముఖం వెలిగిపోయింది.

"తెచ్చి ఏటి సేత్తావు? మేడెక్కించి కడతావా? సంతకెల్తే కటికోడి సేతిలో పడతాది" అన్నాడు నాన్న.

అంతే, అమ్మ నన్ను వెంటబెట్టుకుని కాసిడీహ్ బయల్దేరింది. పొదుగు మీద నీళ్ళు చల్లి, గంగడోలు నిమురుతూ, "దామ్మా గౌరీ, మా బంగారు తల్లీ, సేపమ్మా" అని రాగం తీసింది. గౌరి పొదుగు నిండుగా చేపింది. ఆ మాటలే, ఆ రాగంతోనే రాంబిలాస్ చేత అనిపించింది. నోరు తిరగక అతను పడే తంటాలు చూసి నేను పకపకా నవ్వాను. అమ్మ నవ్వలేదు. రోజూ వెళ్ళి నేర్పింది. చివరికొక సాయంత్రం, అమ్మ పాక బయటే నిలబడి ఉండగా, గౌరి అతని పిలుపుకే చేపింది.

"ఇంక మనం రానక్కర్నేదు. దానికి నాతో పనైపోనాది" అంటూ అమ్మ దారి పొడుగునా కళ్ళు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది.

ఇప్పుడు కాసిడీహ్‌లో ఆ పాక లేదు, బర్మామైన్స్ సందులో పశువుల ఊసే లేదు. నా పిల్లలు, మనవలు అంతా హిందీలోనే మాట్లాడతారు, వాళ్ళ తప్పేం లేదు. అమ్మ పోయాక నన్ను తెలుగులో పిలిచేవాళ్ళు ఈ ఇంట్లో ఒక్కరూ లేరు.