నీ ఫైలేమన్నా నన్ను సూసిందా

కొన్నేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. అన్నం తినేటప్పుడు ఉంటుంది. నవ్వేటప్పుడూ ఉంటుంది. ఇంట్లోవాళ్ళకు చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. ఇది పిరికితనమే, నాకు తెలుసు.

మాది హిందూపురం. ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. మా చిన్న కంపెనీ ధర్మవరం పట్టు మగ్గాలకు ఒక పెట్టె తయారుచేసి బిగిస్తుంది. నేసే మనిషి కాలితో చెక్క తొక్కినప్పుడల్లా ఏ పోగులు పైకి లేవాలో ఆ పెట్టెలోని చిన్న కంప్యూటరు చెబుతుంది. అది సరిగ్గా చెబితే అంచు మీద నెమలి పడుతుంది. తప్పు చెబితే నెమలికి మెడ ఒకచోట, తల ఇంకోచోట. పట్టు మీద పడిన తప్పును ఇంజనీరు వచ్చి తుడిచేదేమీ ఉండదు.

అందులో నేను రాసిన కాపలా ప్రోగ్రాం ఒకటి ఉండేది. దాని పేరు 'ఉండావా', అంటే ఉన్నావా అని. మా పక్క ఎవరింటికైనా పోతే వాకిట్లో నిలబడి అట్లాగే కేకేస్తాం. నా కాపలాది కూడా అదే పని. అసలు ప్రోగ్రాంను మాటిమాటికీ 'ఉండావా?' అని పలకరిస్తుంది. జవాబొస్తే సరే. కాసేపు రాకపోతే, అది బిగుసుకుపోయిందని తీర్మానించి, చంపే సిగ్నల్ పంపి, పెట్టె మొత్తాన్ని మళ్ళీ మొదలుపెడుతుంది. పేరు విని ఆఫీసంతా నవ్వారు. మేనేజర్ భుజం తట్టాడు. సంబరంతో నాకు ఒళ్ళు తెలియలేదు.

ధర్మవరంలో ఒక మగ్గాల ఇంటి నుంచి ఫోనొచ్చింది. ఒక మగ్గం మీద పెట్టె మధ్యలో ఆగి మళ్ళీ మొదలవుతోందట. పెళ్ళిచీర అంచు పాడైందట. చూసి రమ్మని నన్ను పంపారు. గడప దాటుతుంటే నా భార్య టిఫిన్ డబ్బా మరిచిపోయావని వెనకనుంచి పిలిచింది. మా అవ్వ ఆమె మీద విరుచుకుపడింది. పోయేవాళ్ళను వెనకనుంచి పిలవకూడదని మా ఇంట్లో గట్టి పట్టింపు. నేను నవ్వుకుంటూ డబ్బా తీసుకుని రైలెక్కాను.

ఆ మగ్గం మీద నేసేది ఒక అక్క. పేరు రాయను, ఇప్పటికే ఆ పేరును చెడగొట్టినవాణ్ణి. నేను పెట్టెకు లాప్‌టాప్ తగిలించి చూశాను. ప్రోగ్రాం కూలినప్పుడు మిగిల్చే ఫైలు ఉంది. డంపు అంటాం. అది సగంలో తెగి ఉంది. రాస్తూ రాస్తూ కరెంటు పోతే ఫైలు అట్లా తెగడం నేను చాలాసార్లు చూశాను. పెట్టె కూడా మళ్ళీ మొదలైంది. పక్క మగ్గాలేమో ఆగలేదు, అంటే కరెంటు పోలేదు. మరి మిగిలింది స్విచ్చే. స్విచ్ పక్కన కూర్చున్నది అక్కే. అసలు ప్రోగ్రాం ముందు ఎందుకు కూలిందో ఆలోచించనేలేదు. అబ్బో, ఎంత చక్కగా అతికిందో. నా తెలివికి నేనే మురిసిపోయాను.

యజమాని, మిగిలిన నేతగాళ్ళు అందరూ చుట్టూ నిలబడి ఉన్నారు.

"స్విచ్ ఎందుకు ఆర్పినావక్కా?" అని అడిగాను.

"నేను ముట్టలేదప్పా. పోగు తెగింటే అతకతాండా. రెండు చేతులూ దాని మీదనే ఉండాయి. ఇంగ స్విచ్ ఎట్ల ముట్టేది?"

"ఫైలు సగంలో తెగిందక్కా. కరెంటు తీస్తేనే అట్ల తెగేది."

ఆమె నన్ను, నా లాప్‌టాప్‌ను మార్చి మార్చి చూసింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"నీ ఫైలేమన్నా నన్ను సూసిందా అప్పా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

తిరుగు రైలు పెనుకొండలో క్రాసింగ్ కోసం ఆగింది. ప్లాట్‌ఫాం మీద వేరుశనక్కాయలు తింటూ మేనేజర్‌కు ఫోన్ చేసి, మన తప్పేం లేదు సార్, నేసే ఆమె స్విచ్ ఆర్పింది అని చెప్పేశాను. ఆ వారంలోనే యజమాని ఆమెను మగ్గం దించాడు. పెట్టెలున్న మగ్గం ఆమెకు ఇంకెవరూ ఇవ్వలేదు. చిన్నప్పటి నుంచి నేసిన మనిషి ఇంటి దగ్గర కూర్చుని ఇతరుల మగ్గాలకు దారం కండెలు చుట్టుకోవలసి వచ్చింది. వీధిలో ఆమెకు 'స్విచ్చక్క' అని పేరు పడింది. ఇవన్నీ నాకు మరోసారి ధర్మవరం పోయినప్పుడు తెలిశాయి. తెలిసి, అయ్యో పాపం అనుకుని ఊరుకున్నాను. తప్పు ఆమెదే అనుకున్నాను కదా.

తర్వాత ఒక మధ్యాహ్నం, హిందూపురం ఆఫీసులో, నా బల్ల మీద నెమలి అంచు ఎక్కించి, తొక్కే చెక్క తగిలించి పరీక్ష కోసం పెట్టిన పెట్టె కూలింది. నేను చూస్తుండగానే మళ్ళీ మొదలైంది. డంపు తీశాను. సగంలో తెగి ఉంది.

స్విచ్ ఎవరూ ముట్టలేదు. బల్ల వెనక గోడకు ఉంది, ముట్టాలంటే నేను వంగి దూరాలి. మరి ఎవరు తెంపారు? తెంపే హక్కున్నవాళ్ళు ఆ పెట్టెలో ఇంకెవరున్నారు? నేను రాసిన కాపలాదే. 'ఉండావా'ను ఆపేసి, చెక్కను నాలుగుసార్లు తొక్కి, పెట్టెను మళ్ళీ కూలేదాకా వదిలి, చేతులు కట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు చూశాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. ప్రోగ్రాం కూలిపోయాక వెంటనే పోదు. దానికి తెలిసినదంతా, చేస్తున్న పని, పట్టుకున్న లెక్కలు, ఆగిన చోటు, అంతా వరుసగా ఫైలులోకి పోస్తుంది. ఇక మళ్ళీ లేవదు. అయినా ఏదీ దాచుకోదు, తన తప్పు కూడా. మా పెట్టెలోని మెమరీ కార్డు మెల్లనిది కాబట్టి ఆ పని చాలాసేపు సాగింది. చిన్న పచ్చలైటు మినుకుమినుకుమంటూనే ఉంది. ఆ సేపంతా అది ఏ పలకరింపుకూ జవాబు చెప్పలేదు. ఎట్లా చెబుతుంది? అలాంటప్పుడే నా కాపలాది దాన్ని 'ఉండావా' అని పిలిచేది. జవాబు రాలేదని సిగ్నల్ పంపేది. సిగ్నల్ అందగానే రాత అక్కడికక్కడే ఆగిపోయేది. పోయేవాళ్ళను వెనకనుంచి పిలవకూడదని విని పెరిగినవాణ్ణి, నేను రాసిన ప్రోగ్రాం ఆ పనే చేస్తూ వచ్చింది.

లైటు ఆరింది. ఈసారి ఫైలు పూర్తిగా ఉంది. తెరిచాను. నెమలి కనిపించింది. అంకెల్లోనే, కానీ వరుసలు విడగొట్టి చూస్తే మెడ, కన్ను, తురాయి, అన్నీ. నేను రాసిన దానిలోనే ఇంత ఉందా? ఇంకా కిందికి, ఎప్పుడూ తెగిపోయే రెండో సగంలోకి వెళ్ళాను. చివరి తొక్కుడు ఎప్పుడు పడిందో అక్కడుంది. ఆ తర్వాత చెక్క కదలలేదనీ, ప్రోగ్రాం ఎదురుచూస్తూ ఉండిందనీ ఉంది. ఎంతసేపు ఎదురుచూసిందో లెక్కపెట్టే అంకెకు మేమిచ్చిన చోటు చాలక నిండి పొర్లింది. అందుకే కూలింది. ఆ తప్పు కూడా మా రాతలోదే.

నేసే మనిషి తొక్కకుండా ఎప్పుడు ఆగుతుంది? పోగు తెగితే ఆగుతుంది. రెండు చేతులతో దాన్ని అతుక్కునేటప్పుడు ఆగుతుంది.

నీ ఫైలేమన్నా నన్ను సూసిందా అని అడిగింది కదా. చూసింది. ఆమె చెప్పిన మాటే అదీ చెప్పబోయింది. ఆ మాట దాకా రాకముందే నేను దాని నోరు మూసేశాను. పైగా ఆ మూసిన నోటినే ఆమె మీద సాక్ష్యంగా చూపించాను. భయం కంటే ముందు కలిగింది ఆశ్చర్యమే. ఇప్పటికీ ఆ ఆశ్చర్యం తగ్గలేదు. ప్రాణం లేని వస్తువు నా కంటే నిజాయితీగా పోయింది.

మరి నేనేం చేశాను? డంపు పూర్తయ్యేదాకా ఆగేట్టు 'ఉండావా'ను మార్చాను. పొర్లే చోటు సరిచేశాను. చిన్న మెరుగులు అని చెప్పి అన్ని పెట్టెలకూ పంపాను. మగ్గాలు ఆగడం మానేశాయి. మేనేజర్ మళ్ళీ భుజం తట్టాడు. అప్పుడన్నా నోరు విప్పి ఉండవచ్చు. ఉద్యోగం పోతుందనా? పోయేది కాదు, మహా అయితే నాలుగు తిట్లు. నన్ను ఆపింది భయం కూడా కాదేమో, ఆ మగ్గాల ఇంట్లో మళ్ళీ అందరి ముందు నిలబడి, ఆ నవ్విన మొహంతోనే, నేను తెలివితక్కువవాణ్ణి అని చెప్పుకోవాలంటే మనసొప్పకపోవడమే అనుకుంటాను. ఒక మనిషి మగ్గం కంటే నా మొహం నాకు ఎక్కువైంది.

ఒకసారి చెబుదామనే పోయాను. ధర్మవరంలో ఆమె వీధి మొదట్లో దిగాను. ఆమె అప్పుడే కండెల సంచి చంకన పెట్టుకుని ఇంట్లోనుంచి బయటికొచ్చి, నన్ను చూడకుండా అటువైపు నడిచింది. అక్కా అని ఒక్క కేక వేస్తే వినపడే దూరం. పోయే మనిషిని వెనకనుంచి ఎందుకు పిలవడం, ఇంకోసారి చూద్దాంలే అనుకున్నాను. చూడండి, ఎక్కడ పాటించాల్సిన పట్టింపును ఎక్కడ పాటించానో. ఎక్కి వచ్చిన ఆటోలోనే స్టేషనుకు తిరిగిపోయాను.

ఇది చదివి మీరు నన్ను క్షమించాలని అడగను. మీకు ఆ హక్కు లేదు, నాకు ఆ మొహం లేదు. గొంతులో అడ్డంగా ఉన్నదాన్ని ఒకసారి పూర్తిగా బయట పెట్టాలనిపించింది, అంతే. మగ్గాల ఇంట్లో అందరి ముందు నేను చెప్పింది తప్పు. తప్పని తెలిశాక కూడా దాచాను.

అక్క స్విచ్ ముట్టలేదు. ఆమె రెండు చేతులూ పోగు మీదనే ఉన్నాయి.